వన్స్‌మోర్ లేని ప్లేట్లు

నా దగ్గర ఓ ముప్ఫై దాకా లైవ్ రాక్ ఎల్పీలున్నాయి. అన్నీ కచేరీల్లో జనం మధ్య రికార్డు చేసినవే, స్టూడియో సరుకు కాదు. కొన్నిటి అట్ట మీద "ఇన్ని వేల కాపీల్లో ఇది ఇన్నోది" అని నంబరు కూడా కొట్టి ఉంటుంది. దీన్నే లిమిటెడ్ ఎడిషన్ అంటారు. ఈ పిచ్చి సంగతి తెలిసిన కొలీగ్స్ అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "ఫోన్లో నొక్కితే వచ్చే పాటకి ఇంత డబ్బెందుకు తగలేస్తావు గురూ?" అని.

న్యాయమైన ప్రశ్నే. జవాబు వెతుక్కుంటూ పోతే అది నన్ను లండనుకో లాస్ ఏంజిలిస్‌కో కాకుండా మా కె.కోటపాడుకి తీసుకెళ్ళింది. మాది చోడవరం దగ్గర ఊరు. నేను చదువుకునేటప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. రాక్ సంగీతానికీ మా ఊరికీ ఏమిటి సంబంధం అంటారా? సూటిగా ఏమీ లేదు. కానీ అరుదైన రికార్డు అంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం అక్కడే.

నా మటుకు నాకు అరుదు అనేది రెండు రకాలు. ఒకటి కావాలని చేసే అరుదు. కంపెనీ వాడు లెక్కపెట్టి కొన్ని కాపీలు మాత్రమే వేసి, నంబరు కొట్టి, ఎక్కువ రేటుకి అమ్ముతాడు. 2008 లో అమెరికాలో రికార్డ్ స్టోర్ డే మొదలైన దగ్గర్నుంచి ఇదో పెద్ద వ్యాపారం. రెండోది, ఎవరూ పట్టించుకోక మిగిలిపోయిన అరుదు. వెయ్యి కాపీలు వేస్తే తొమ్మిది వందల తొంభై తొమ్మిది చెత్తలో పోయి ఒక్కటి అటక మీద ఉండిపోవడం. దీనికి నంబరు ఉండదు. ఉందన్న సంగతి కూడా ఎవరికీ తెలీదు. మన తెలుగు రికార్డుల అరుదంతా ఈ రెండో రకం.

సరే, అసలు కథలోకొద్దాం.

ఎడిసన్ ఫోనోగ్రాఫు 1877 నాటిది. అందులో గొట్టం తిరిగేది. దాని బదులు బల్లపరుపు బిళ్ళ పెట్టొచ్చని 1887 లో కనిపెట్టినవాడు ఎమిల్ బెర్లినర్. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట పట్టాడు. ఆ రోజుల్లో అచ్చు మన దేశంలో లేదు, మూసలు జర్మనీలోని హానోవర్‌కి వెళ్ళేవి. అక్కడివాళ్ళకి ఏ బిళ్ళ ఎవరిదో తెలియాలి కదా, అందుకని పాట అయ్యాక పాడినవాళ్ళు తమ పేరు తామే చెప్పేవారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే మెటాడేటాని ఆడియోలోనే కుక్కడమన్నమాట. ఇంకాస్త ముందుకొస్తే కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీ నుంచే దేశానికంతా ప్లేట్లు సరఫరా అయ్యాయి.

మనవాళ్ళు వాటిని రికార్డులనడం తక్కువ, ప్లేట్లు అనేవాళ్ళు. ఓ పక్క అయిపోయాక తిప్పి రెండో పక్క వేసుకోవాలి. "ప్లేటు ఫిరాయించడం" అన్న మాట ఇక్కడే పుట్టిందేమోనని నా అనుమానం. అనుమానమే లెండి, నన్ను రుజువులడక్కండి.

ఆ ప్లేటు దేంతో చేసేవారో తెలుసా? లక్కతో. లక్క పురుగు మోదుగ, రేగులాంటి చెట్ల కొమ్మల మీద పెట్టే జిగురు అది. దాన్ని శుద్ధి చేసి, రాతిపొడి, నల్లరంగు కలిపి వేడిగా ఒత్తితే 78 ఆర్పీఎం ప్లేటు తయారు. ప్రపంచానికంతటికీ ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. మా జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. 2017 లో అక్కడి బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది. అంకుడు కర్ర మీద వాళ్ళు పట్టించే మెరుపు కూడా ఈ లక్కే. అంటే ఏటికొప్పాక లక్కపిడత, న్యూయార్కులో జాజ్ ప్లేటు వరసకి అక్కాచెల్లెళ్ళు. పిడత కింద పడినా తట్టుకుంటుంది, ప్లేటు మాత్రం ముక్కలైపోతుంది. అదొక్కటే తేడా.

ఇక తెలుగు సంగతి. మద్రాసు వైపు మొదటి దశకంలో ప్లేట్లిచ్చిన సేలం గోదావరి లాంటి గాయనులు పాడినవాటిలో త్యాగరాజ కీర్తనలు, జావళీలు బోలెడు. కాబట్టి గ్రామఫోనులో తెలుగు మొదట్నుంచీ ఉన్నట్టే. ఆ తర్వాత పద్యనాటకం వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి నటుల పద్యాల ప్లేట్లు తెలుగునాట మోగిపోయాయి. నాటకం మొత్తాన్ని కుదించి కొన్ని ప్లేట్ల సెట్టుగా కూడా అమ్మేవారు. లలిత సంగీతంలో సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి ఉన్నారు. శంకరంబాడి సుందరాచారి రాసిన "మా తెలుగు తల్లికి" ఇంటింటికీ చేరింది సూర్యకుమారి ప్లేటు వల్లే. ఘంటసాల సినిమాల్లో ఎంత పాడారో, కరుణశ్రీ పద్యాల ప్లేట్లతో జనం గుండెల్లో అంతగానూ కూర్చున్నారు.

అయితే ఇక్కడో చిక్కుంది. పదంగుళాల 78 ప్లేటు ఒక పక్క మోగేది మూడు నిమిషాల చిల్లర. మన నాటకమేమో రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లవారేదాకా ఆడుతుంది. లెక్కేసి చూడండి. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. ప్లేటుకి రెండు పక్కలా కలిపి ఆరు నిమిషాలు వేసుకున్నా ఎనభై ప్లేట్లు కావాలి. ఎవడు కొంటాడు, ఎవడు మోస్తాడు? అందుకని రాగాన్ని కత్తిరించి, పద్యాన్ని పరిగెత్తించి, మూడు నిమిషాల్లో ముగించారు. ఈ ప్లేట్లు విని "ఇంతేనా పద్యనాటకం?" అనుకున్నవాళ్ళని నేను చూశాను. అది నటుల తప్పు కాదు. బఫర్ సైజు చిన్నదైతే ఎవరేం చెయ్యగలరు!

ఆ ప్లేట్లలో లేనిది ఇంకోటుంది. వన్స్‌మోర్. పద్యనాటకం చూసినవాళ్ళకి ఆ కేక సంగతి చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్రలో అమ్మవారి పండగకి కాంట్రాక్టు నాటకం పెట్టిస్తే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వచ్చేవాళ్ళు. జనం ఒకడితో ఇంకొకణ్ణి పోల్చి చూసేవారు. హార్మోనిస్టు శ్రుతి పెంచి ఏడిపిస్తే కృష్ణుడు దానికి పైన నిలబడి రాగం లాగేవాడు. అయిపోగానే మైదానం మొత్తం వన్స్‌మోర్. రెండోసారి పాడినప్పుడు మొదటిసారి పాడినట్టు పాడడు, అదే అసలు మజా. గిటారిస్టు రాత్రికో రకంగా సోలో వాయించడం, పద్యాన్ని రాత్రికో రకంగా విరవడం, రెండూ నా లెక్కలో ఒకటే పని. రాయబారం కృష్ణుడంటే ఇప్పటికీ గుర్తొచ్చే పీసపాటి నరసింహమూర్తి ఉత్తరాంధ్ర మనిషే, 2007 లో పోయారు. ఆయన్ని స్టేజీ ముందు చాప మీద కూర్చుని విన్నవాళ్ళు మూడు నిమిషాల ముక్కతో తృప్తి పడగలరా? పడలేరు.

ఈ మూడు నిమిషాల గోడ మొదట బద్దలైంది పడమట. 1938 జనవరి 16 న న్యూయార్క్ కార్నెగీ హాల్లో బెన్నీ గుడ్‌మన్ చేసిన జాజ్ కచేరీని ఒక మైకు పెట్టి డిస్కుల మీద పట్టారు. అది పన్నెండేళ్ళు మూలపడి ఉండి 1950 లో ఎల్పీగా బయటికొచ్చింది. ఎందుకంటే 33⅓ ఆర్పీఎం ఎల్పీ వచ్చిందే 1948 లో. టేపు రికార్డర్లు కూడా అదే కాలంలో అందుబాటులోకొచ్చాయి. టేపు మీద గంటలకొద్దీ పట్టొచ్చు, ఎల్పీ మీద పక్కకి ఇరవై నిమిషాల పైన వినిపించొచ్చు. లైవ్ ఆల్బం అనేదానికి పునాది ఈ రెండూ.

తర్వాతి కథ రాక్ అభిమానులకి తెలిసిందే. 1970 ఫిబ్రవరి 14 న లీడ్స్ యూనివర్సిటీలో ద హూ చేసిన కచేరీ "లైవ్ ఎట్ లీడ్స్" అయింది. దొంగ రికార్డులా కనపడాలని గోధుమరంగు అట్ట మీద మామూలు రబ్బరు స్టాంపు ముద్ర వేశారు. చిటపటలు వినిపిస్తే కంగారుపడి సరిచెయ్యొద్దని లేబుల్ మీదే రాశారు. 1972 ఆగస్టులో డీప్ పర్పుల్ ఒసాకాలో, టోక్యోలో వాయించినది "మేడ్ ఇన్ జపాన్". దాన్ని మొదట జపాన్ వరకే అమ్ముదామనుకున్నారు. 1971 ఆగస్టు 1 న జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి పెట్టిన బంగ్లాదేశ్ కచేరీ మూడు ఎల్పీల సెట్టుగా వచ్చింది. అందులో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుంటుంటే అదే వాయింపనుకుని జనం చప్పట్లు కొట్టడం, రవిశంకర్ దానికి నవ్వుతూ చురకెయ్యడం కూడా రికార్డయింది. స్టూడియోలో ఎన్ని లక్షలు పోసినా ఆ క్షణం దొరుకుతుందా? నేను లైవ్ రికార్డులు కొనేది ఇలాంటి క్షణాల కోసమే.

మరి అదే సమయంలో మన దగ్గర ఏం జరుగుతోంది? మన దేశంలో ఎల్పీలు యాభైల చివరికి గానీ రాలేదు. లక్క ప్లేట్లు డెబ్భై ప్రాంతాల దాకా అచ్చవుతూనే ఉన్నాయి. ఊళ్ళలో ఉన్నవన్నీ పాత తిప్పుడు గ్రామఫోన్లు కాబట్టి గిరాకీ తగ్గలేదు. ఎంతదాకా అంటే బీటిల్స్ పాటల్ని కూడా 78 ప్లేట్ల మీద పార్లొఫోన్ లేబుల్‌తో ఇక్కడ అచ్చేశారు. బ్రిటన్‌లో 78లు ఆగిపోయాక సంగతిది. ఇప్పుడు ఆ ఇండియన్ బీటిల్స్ ప్లేట్లంటే ప్రపంచంలో కలెక్టర్లంతా పడి చస్తారు. అప్పట్లో దానికి ఎవరూ లిమిటెడ్ ఎడిషన్ అని పేరు పెట్టలేదు, మామూలు సరుకే.

కర్ణాటక సంగీతంలో అడపాదడపా కచేరీ రికార్డులొచ్చాయి. 1977 లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి కార్నెగీ హాల్లో చేసిన కచేరీ పేరున్న ఉదాహరణ. కానీ పద్యనాటకాన్ని, హరికథని, బుర్రకథని జనం మధ్య రాత్రంతా పట్టి ఎల్పీలుగా వెయ్యాలన్న ఆలోచన కంపెనీలకి పెద్దగా రాలేదు. కారణం కుట్రేమీ కాదు, లెక్క. సినిమా పాట ఒక్క రోజు రికార్డింగుతో రాష్ట్రమంతా అమ్ముడవుతుంది. నాటకం ఎల్పీ కొనేవాడికి నాటకం ఇష్టముంటే ఎల్పీ ప్లేయరుండదు, ప్లేయరున్నవాడికి నాటకం అక్కర్లేదు. చివరికి మనకి ఎల్పీల మీద దొరికిన నాటకం కూడా సినిమాదే. 1977 లో వచ్చిన "దాన వీర శూర కర్ణ" డైలాగుల రికార్డులు మోగని పందిరి లేదు. కొండవీటి వెంకటకవి మాటలు చదువు రానివాళ్ళకి కూడా కంఠతా వచ్చాయంటే ఆ రికార్డుల చలవ చాలా ఉంది.

ఆ పందిట్లో మోగించిందెవరు? మైకుసెట్టాయన. మనలో చాలామంది గమనించని సంగతి ఇది. పట్నాల్లో కలెక్టరంటే వి.ఎ.కె. రంగారావు గారి లాంటి వారు. బొబ్బిలి వైపు జమీందారీ కుటుంబం నుంచి వచ్చి, మద్రాసులో ఉంటూ ఆయన నలభై వేలకి పైగా గ్రామఫోన్ ప్లేట్లు కూడబెట్టారు. పాత పాటల గురించి ఎవరేం రాయాలన్నా ఆయన దగ్గరికి పోవాల్సిందే. మరి పల్లెటూళ్ళో కలెక్టరెవరు? మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. పెళ్ళికో వరస, చావుకో వరస, పండగకో వరస ప్లేట్లు రేకు పెట్టెల్లో సర్ది పెట్టుకునేవాడు. ఏ ఇంటివాళ్ళకి ఏ పాట కావాలో అతనికి తెలుసు. అతను ఏదీ సరదాకి దాచలేదు, బతుకుతెరువుకి దాచాడు. బతుకుతెరువు మారగానే పెట్టె ఖాళీ అయింది.

మా ఊళ్ళో అలాంటి పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఓ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ప్లేట్లేమన్నా మిగిలాయా మావయ్యా అని అడిగాను.

"ప్లేట్లేటి బాబూ, ఇంకెక్కడున్నాయి? క్యాసెట్లొచ్చినాక అయ్యెవులడిగినారు? పాత సామాన్లోడికి ఎత్తి ఇచ్చీసినాం" అన్నారు.

పోనీ క్యాసెట్లు? "పండగ డ్రామాలు నానే పట్టినాను. తెల్లార్లూ మైకు కాడే కూకుని, పక్క అయిపోతే తిప్పి, మల్లీ ఎట్టి. ఓ డెబ్బై ఉండేవి. డ్రామాలాడ్డం మానీసినాక ఆటితో పనేటుంది? టేపు లాగీసి జొన్నచేనుకి కట్టీసినాం. గాలికి బుయ్యిమంటాది, పిట్టలు రావు."

నవ్వుతూనే చెప్పారాయన. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫిలిప్స్ వాళ్ళు 1963 లో క్యాసెట్ తెచ్చారు, ఎనభైల్లో అది చవకై పల్లెలకి చేరింది. మూడు నిమిషాల గోడ మన పద్యనాటకానికి బద్దలైంది అప్పుడే. కంపెనీ చెయ్యని పనిని మైకుసెట్టాయన చేశాడు. వన్స్‌మోర్ కేకలతో సహా తెల్లవార్లూ పట్టాడు. మా ఊరి లైవ్ ఆల్బం అదే. కాపీలు ఒక్కటి. నంబరు కొట్టాల్సొస్తే ఒకటిలో ఒకటోది. పిట్టల్ని తోలడానికి పోయింది.

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పెద్ద పెద్ద సంస్థలు ఇదే పని చేశాయి. బీబీసీ వాళ్ళు టేపు ఖరీదని అరవైల్లో, డెబ్భైల్లో బోలెడు కార్యక్రమాలు తుడిచేసి అదే టేపు మళ్ళీ వాడుకున్నారు. జొన్నచేను కనీసం నాలుగు గింజలన్నా కాపాడింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా రాక్‌లోనే ఉంది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం తమ కచేరీలని జనం టేపు చేసుకుంటుంటే అడ్డుపడలేదు. 1984 నుంచి వాళ్ళకి హాల్లో ప్రత్యేకంగా చోటు కూడా ఇచ్చారు. షరతొక్కటే, ఆ టేపులు అమ్ముకోకూడదు, పంచుకోవాలి. పోస్టులో టేపులు మార్చుకుంటూ అభిమానులు వేల రాత్రుల్ని కాపాడారు. 1977 మే 8 న కార్నెల్ యూనివర్సిటీలో వాళ్ళు చేసిన కచేరీ టేపుని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లైవ్ మ్యూజిక్ విభాగం 2002 నుంచి ఉంది. అక్కడ వింటే చప్పట్లు, దగ్గులు, ఈలలు, అన్నీ ఉంటాయి.

వాళ్ళ టేపర్‌కీ మా మైకుసెట్టాయనకీ పనితనంలో తేడా లేదు. ఇద్దరూ రాత్రంతా మెలకువగా ఉండి టేపు తిప్పారు. తేడా ఒక్కటే, అక్కడ రెండో కాపీ ఉంది. మనం ఆఫీసులో ఒక్క బ్యాకప్ తప్పిపోతే రాత్రికి రాత్రి కాల్ పెట్టి పోస్ట్‌మార్టం చేస్తాం. మన తాతల గొంతులకి మాత్రం రెండో కాపీ ఉందా అని ఎవరమూ అడగలేదు.

తెలుగులో ఈ పని చేసినవాళ్ళు లేరనను. "ఈమాట" పత్రిక శబ్దతరంగాల్లో పరుచూరి శ్రీనివాస్ గారు పాత ప్లేట్లు, రేడియో నాటకాలు ఏళ్ళ తరబడి వెతికి పెట్టారు. నేనెన్నో రాత్రులు అవి వింటూ కోడ్ రాశాను. కానీ ఒకరిద్దరు ఎంతని మొయ్యగలరు?

అంచేత మీ ఊరెళ్ళినప్పుడు ఒకసారి అటక చూడండి. మైకుసెట్టు షాపు ఇంకా ఉంటే అడగండి. ప్లేటు దొరికితే నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి, విరుగుతాయి. లక్క ప్లేటుని స్పిరిటుతో అస్సలు తుడవకండి, ఆల్కహాలులో లక్క కరిగిపోతుంది. ఎల్పీకి వాడే ముల్లుతో 78 ప్లేటు మోగించకండి, దాని గాడి వెడల్పు. 78కి వేరే ముల్లు దొరుకుతుంది, అది మార్చుకుంటే చాలు. క్యాసెట్టయితే వెంటనే ప్లే నొక్కెయ్యకుండా ముందు ఆ చివర్నుంచి ఈ చివరికి ఒకసారి మెల్లగా చుట్టండి. శబ్దం మూగగా వస్తే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి కోణం సరిచెయ్యండి, ఒక్కసారిగా తేటపడుతుంది. ఎంపీత్రీ చెయ్యకండి, వేవ్ ఫైలుగా దాచండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ పండగ, హార్మోనియం ఎవరు, తెలిసినంత రాసి పెట్టండి. గౌహర్ జాన్ కాలం నాడే పేరు చెప్పుకున్నారు, మనం పేరు లేకుండా ఫైళ్ళు వదలడం ఏం బాగుంటుంది?

చట్టం భయం పెట్టుకునేవాళ్ళకో మాట. మన కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురించిన మర్నాటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. అంటే 1964 లోపు వచ్చిన ప్లేట్లకి ఆ గడువు తీరిపోయింది. రచన హక్కు వేరే లెక్క, రచయిత పోయాక 60 ఏళ్ళు. తిరుపతి వెంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు 1950 లో, సత్యహరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి వారు 1953 లో పోయారు కాబట్టి ఆ పద్యాలకి అడ్డు లేదు. పండగ నాటకాల క్యాసెట్ల విషయంలో మాత్రం ఆడినవాళ్ళో, వాళ్ళ పిల్లలో ఊళ్ళోనే ఉంటారు. అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ, వాళ్ళ నాన్న గొంతు వినిపిస్తే ఏడ్చేవాళ్ళే ఎక్కువ.

ఇంతా చెప్పి నా రాక్ ఎల్పీలు అమ్మేస్తున్నానా అంటే, లేదు. లీడ్స్‌లో ఆ రాత్రి మోగిన గిటారు నాకు ఇప్పటికీ ప్రాణమే. కాకపోతే నంబరు కొట్టిన కొత్త పెట్టెలు కొనడం ఆపేశాను. అవి నేను కొనకపోయినా ఇంకొకరు కొంటారు, భద్రంగా ఉంటాయి. ఆ డబ్బుతో ఒక మంచి క్యాసెట్ డెక్కు, 78 ముల్లు కొన్నాను. పద్యం ఎక్కిన టేపు ఎవరింట్లో ఉందన్నా శని ఆదివారాల్లో వచ్చి ఎక్కించి పెడతాను, ఒక కాపీ వాళ్ళకి, ఒకటి అందరికీ. పైసా అక్కర్లేదు, కాఫీ ఇస్తే చాలు.